మానేసినవాళ్ళను అడగండి

కుట్టుమిషన్ నూనె వాసన నాకు పడదు. ముక్కుకు పడకపోవడం కాదు, మనసుకు. మొన్న తిరుమలగిరిలో జాకెట్లు కుట్టించుకుందామని ఒక టైలరు దుకాణం మెట్లెక్కానో లేదో, ఆ నూనె వాసన, దానితో కలిసిన కొత్త గుడ్డల గంజి వాసన గుప్పుమని కొట్టాయి. లోపల ఒకావిడ మిషన్ తొక్కుతోంది, ఇంకొకావిడ చీర అంచుకు ఫాల్ కుడుతోంది, రేడియోలో ఏదో పాట వస్తోంది. కోప్పడవలసింది అక్కడ ఏమీ లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి, దవడలు బిగుసుకున్నాయి. టేపు మెడలో వేసుకున్న టైలరు నా ముఖం చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది మేడమ్, గుడ్డ తక్కువ పడ్తదని పరేషాన్ అయితున్నరా? నేను చూసుకుంట గద" అన్నాడు. గుడ్డ సంగతి కాదయ్యా అని చెప్పి, కొలతలిచ్చి బయటపడ్డాను. ఇంటికి చేరేదాకా ఆ చిరాకు తగ్గలేదు.

చదువు చెప్పినవాళ్ళు గుర్తుకొస్తే చాలామందికి కళ్ళు చెమరుస్తాయి. సత్యవతి మేడమ్ గుర్తుకొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు. ఆవిడను మెచ్చుకుంటూనే పక్కన కూర్చోబెట్టినవాళ్ళ మీద. సికింద్రాబాద్‌లో నేను ఎం.ఏ. సోషల్ వర్క్ చదివిన కళాశాలలో ఆవిడ పరిశోధనా పద్ధతులు చెప్పేవారు. కళాశాల పేరు రాయను, రాసి దానికి ప్రచారం చెయ్యడం నాకిష్టం లేదు. పరిశోధనా పద్ధతులు అంటే పెద్ద మాటేమీ కాదు. ఒక సంగతి నిజమో కాదో తేల్చాలంటే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, వాళ్ళు చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది నేర్పే సబ్జెక్టు. అన్ని కళాశాలల్లోనూ దాన్ని నిర్వచనాలు డిక్టేట్ చేసి చంపేస్తారు. మా సీనియర్లు మాకు ముందే చెప్పారు, పరీక్ష ముందు గైడు తిరగేస్తే చాలు, క్లాసులో హాయిగా నిద్రపోవచ్చని. ఆ సంవత్సరం ఆ క్లాసులో ఎవరికీ నిద్రపోయే వీలు చిక్కలేదు.

మేడమ్ వాళ్ళది విజయనగరం వైపు. నాన్నగారి ఉద్యోగం రీత్యా చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, పద్మారావు నగర్‌లో స్థిరపడ్డారు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా కోపమొస్తే మాత్రం నోట్లోంచి 'ఏటి' ఊడిపడేది. ఆ మాట వినబడిందంటే ఎవడికో మూడిందని మాకు అర్థం. పొట్టి మనిషి, నేత చీర, చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. ఎండకీ వానకీ కాదు, వీధికుక్కలకని చెప్పేవారు. బస్తీల్లో తిరిగేవాళ్ళకు కుక్కలే మొదటి పరీక్ష అనేవారు.

మొదటి క్లాసు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మా క్యాంటీన్ నడిపే మల్లేశు స్టాఫ్ రూముకు టీ పట్టుకెళ్తుంటే, మేడమ్ ఆయన్ను గుమ్మంలోనే ఆపారు. "మల్లేశూ, ఒక్క నిమిషం లోపలికి రా" అని, మావైపు తిరిగి, "క్యాంటీన్‌లో ఇడ్లీ ఎలా ఉంటోందమ్మా?" అని అడిగారు. మేము ఏకకంఠంతో సూపర్ మేడమ్ అన్నాం. ఒకడైతే ఇంటిదానికన్నా బాగుంటుందన్నాడు. మల్లేశు మురిసిపోయి వెళ్ళాడు. మేడమ్ తలుపు దగ్గరగా వేసి, "ఇప్పుడు చెప్పండి" అన్నారు.

"రాయి లెక్క ఉంటది మేడమ్."

"చట్నీల నీళ్ళే ఉంటయ్. పల్లీలు దుర్బీన్ పెట్టి దేవులాడాలె."

"సాంబారు నిన్నటిదే మేడమ్, జెర పులుపు సుత అయితది."

ఆవిడ బోర్డు మీద రెండు ముక్కలు రాశారు: ఇడ్లీ మారలేదు. మల్లేశు వెళ్ళాడు. "ఇదే ఈ సబ్జెక్టులో సగం. అడిగే మనిషి, పక్కన నించున్న మనిషి, ఇద్దరూ జవాబును మార్చేస్తారు. మిగతా సగం నేర్చుకోడానికి మీకు ఏడాది పడుతుంది" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నం మమ్మల్ని వెంటబెట్టుకుని క్యాంటీన్‌కు వెళ్ళి, "మల్లేశూ, పిల్లలు నీ చట్నీలో నీళ్ళెక్కువన్నారు, నీ వెనకాల అనుకోడం బాగోదని చెబుతున్నాను" అని మొహం మీదే చెప్పేశారు. మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాటి నుంచి చట్నీ కాస్త చిక్కబడింది, మల్లేశు మాత్రం చాలా రోజులు మాకు మొహం ముడుచుకునే వడ్డించాడు.

రెండో సగం ప్రవీణ్ వల్ల మొదలైంది. ప్రవీణ్ మా క్లాసులో అందరికన్నా చురుకైనవాడు, మాటకారి. ఒక బస్తీలో నీటి సరఫరా గురించి ఇంటింటికీ వెళ్ళి అడిగి రమ్మంటే, అందరికన్నా ముందు ముగించుకొచ్చి క్లాసులో గర్వంగా చెప్పాడు. "మేడమ్, ఒక్కరు సుత కాదనలే. గల్లీలున్న అన్ని ఇండ్లూ అయిపోయినయ్."

"ఏ బస్తీ నాయనా అది?" అన్నారు మేడమ్. "అంత మర్యాదస్తులుంటే నేను కూడా అక్కడికే మారిపోతాను. ఒక్క తలుపూ మూసి లేదా? ఒక్క ఇంటికీ తాళం లేదా?"

"తాళాలున్నయ్ మేడమ్. తాళమున్న ఇండ్లకు పక్కింటోళ్ళను అడిగిన. వాళ్ళకు అంతా తెల్సు, మంచిగ చెప్పిండ్రు."

మేము నవ్వాం. నిజానికి అది మా అందరి పద్ధతే. మా ఊళ్ళల్లో, మా గల్లీల్లో పక్కింటివాళ్ళకు తెలియని సంగతి ఉంటుందని మాకు తోచనే లేదు. మేడమ్ నవ్వలేదు. "ఏటి? పక్కింటావిడ చెప్పిందేటి? పగటిపూట తాళం ఎవరి ఇంటికి ఉంటుంది ప్రవీణూ? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనికి పోయేవాళ్ళ ఇంటికి. మధ్యాహ్నం నీళ్ళొస్తే పట్టుకోడానికి మనిషి లేనిది ఎవరికి? వాళ్ళకే. నీళ్ళ కష్టం ఎవరికి ఎక్కువో వాళ్ళను వదిలేసి, ఇంటిపట్టున ఉండి బిందెలు నింపుకునేవాళ్ళను అడిగొచ్చావు. పైగా లేనివాళ్ళ నోట్లో వాళ్ళ మాటలే కుక్కావు" అన్నారు. ప్రవీణ్ ఆదివారం మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. వచ్చాక వాడు మునుపటి మనిషిలా లేడు. తాళం తీసి ఉన్న ఆ ఇళ్ళల్లో వాడికి గంటల తరబడి నీళ్ళ బాధ వినిపించారట, ఒకావిడైతే ఇన్నాళ్ళకు వచ్చినవా అని తిట్టిందట.

ఇక్కడివరకు చెప్పి ఊరుకుంటే ఇది చక్కని గురుస్మృతి అవుతుంది. సావనీరులో వేసుకోవడానికి పనికొస్తుంది. నేను చెప్పదలచింది అది కాదు.

నా థీసిస్‌కు కళాశాలే ఒక పని అప్పగించింది. తిరుమలగిరిలో ఒక ట్రస్టు బస్తీ ఆడవాళ్ళకు కుట్టు శిక్షణ కేంద్రం నడిపేది. దానికి ఆనుకుని ఒక చిన్న పిల్లల గది ఉండేది. తల్లులు మిషన్ నేర్చుకుంటున్నంతసేపూ ఒక ఆయా అక్కడ పిల్లలను ఆడించేది. ఆ వేసవిలో ట్రస్టువాళ్ళు గదిని తాత్కాలికంగా మూశారు. ఆయా జీతం దండగ అనుకున్నారో, ఇంకొన్ని మిషన్లు పెట్టుకోవచ్చనుకున్నారో, శాశ్వతంగా మూసెయ్యాలని వాళ్ళ ఆలోచన. కాకపోతే మూయడానికి డబ్బులిచ్చే పైవాళ్ళకు ఒక అధ్యయనం చూపించాలి. పిల్లల గది అవసరమా కాదా తేల్చమని మా కళాశాలను అడిగారు. మా విద్యార్థులకు ఫీల్డ్ వర్క్ చోటు ఇచ్చేది ఆ ట్రస్టే కాబట్టి మా ప్రిన్సిపాల్ తలూపారు. పని నాది, నాకు గైడు సత్యవతి మేడమ్.

మొదటి రోజు నేనొక్కదాన్నే వెళ్ళాను. కేంద్రంలో సూపర్‌వైజరు ఆడవాళ్ళందరినీ చాపల మీద కూర్చోబెట్టింది, నాకు కుర్చీ వేసింది, టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. నేను నోరు తెరవకముందే ఆవిడే అడిగేసింది: "పిల్లల రూము బంద్ చేసినం గదా, ఎవరికన్నా తక్లీఫ్ అయితుందా? చెప్పుండ్రి, మేడమ్ రాసుకుంటది." అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, లేదు మేడమ్, మంచిగనే ఉంది అన్నారు. తర్వాత నేను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగినా అదే జవాబు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నిజంగానే వాళ్ళకు ఇబ్బంది లేదు. కొందరి పిల్లలు బడికి పోయే వయసువాళ్ళు, కొందరికి ఇంట్లో అత్త చూసుకుంటుంది, కొందరికి ఇంకా పెళ్ళే కాలేదు.

పని సులువుగా అయిపోయిందని సంతోషంగా వచ్చి మేడమ్‌కు చెప్పాను. ఆవిడ అంతా విని, ఒకే ప్రశ్న వేశారు. "వేసవికి ముందు వస్తుండేవాళ్ళంతా ఇప్పుడూ వస్తున్నారా స్వరూపా?"

"లేదు మేడమ్. చానా మంది మానేసిండ్రంట."

"గది లేక ఇబ్బంది పడిన మనిషి ఏం చేస్తుంది? నీకు చెప్పడానికి అక్కడే కూర్చుని ఉంటుందా?"

నాకు సిగ్గేమీ వెయ్యలేదు, కోపం వచ్చింది. ఎంత సులువైన మోసమో చూడండి. ఇబ్బంది పడ్డవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, మిగిలినవాళ్ళను ఇబ్బందుందా అని అడగడం. ట్రస్టువాళ్ళు కావాలని చేశారో, తెలియక చేశారో నాకు ఈనాటికీ తెలియదు. తెలియక చేసినా ఫలితం ఒకటే. మేడమ్ గొడుగు తీసుకుని, "పద, మానేసినవాళ్ళను అడుగుదాం" అన్నారు.

కేంద్రంలో చేరినప్పుడు ఇచ్చిన చిరునామాలు పట్టుకుని ఎండలో బస్తీలన్నీ తిరిగాం. కొందరు ఇల్లు మారిపోయారు, కొందరు మాట్లాడలేదు, మాట్లాడినవాళ్ళు చెప్పిన జవాబు నన్ను ఇంకా నిరుత్సాహపరిచింది. సెంటరు మంచిగనే ఉండె, మాకే కుదరలేదు అన్నారంతా. రేణుక అనే ఆవిడ కూడా మొదట అదే అంది. నా వయసే ఉంటుంది. చంకలో చిన్న పిల్లవాడు, కాళ్ళకు చుట్టుకుని ఇంకొక పాప. "వాళ్ళ తప్పేం లేదు మేడమ్. నాకే ఓపిక లేకపాయె. మీరు ఇంత దూరమొచ్చిండ్రు, చాయ్ తాగిపోండ్రి" అంది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు కష్టం చెప్పుకోవడం, పైగా సాయం చేసినవాళ్ళ మీద పితూరీలా వినిపించే మాట చెప్పడం మనవాళ్ళకు చేతకాదు. తప్పు తమ నెత్తినే వేసుకుంటారు. నేను పెన్ను మూసేశాను.

మేడమ్ మాత్రం చాప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు. "ఎందుకు మానేశావని నేనడగనమ్మా. నువ్వు ఆఖరుసారి సెంటరుకెళ్ళిన రోజు పొద్దున్న లేచిన కాణ్ణించి ఏం జరిగిందో చెప్పు చాలు" అన్నారు.

 రేణుక మెల్లగా మొదలుపెట్టింది. "రూము బంద్ అయినంక పోరన్ని ఎత్తుకునే పోయిన మేడమ్. ఆడ కింద కూర్చోపెట్టి మిషన్ తొక్కుతున్న. వీడు పాక్కుంట పోయి పక్క మిషన్ బెల్టు పట్టుకున్నడు. అది తిరుగుతున్నది. నేను చూసి ఒక్కటే ఉరుకుడు. ఏం కాలే, దేవుని దయ. గానీ ఆడ మిషన్ నేర్పే సార్ ఏమన్నడంటే, రేపటి సంది పిల్లల్ని తేవొద్దమ్మా, ఏమన్న అయితే మామీదికి వస్తది అన్నడు. ఆయన అన్నది సుత నిజమే గదా. ఇంటికొచ్చిన. మల్ల పోలే." ఆగి, ఇంకో మాట అంది. "నా జాకెట్ గుడ్డ ఆడనే ఉన్నది మేడమ్. చేతులు సుత ఎక్కించలే. పోయి అడుగుదామంటే షరం అయితది."

 అంతవరకూ మామూలుగానే ఉన్న మనిషి, సగం కుట్టిన జాకెట్ దగ్గరకు వచ్చేసరికి తల పక్కకు తిప్పుకుంది. బయటికి వచ్చాక మేడమ్ గల్లీలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. "ఏటిది స్వరూపా? ఏటిది? గది మూసింది వాళ్ళు, మానేశావని అనిపించుకున్నది ఈవిడ. ఎందుకు మానేశావని అడిగితే మనం కూడా ఆ పిల్లనే తప్పు ఒప్పుకోమంటున్నట్టు. ప్రశ్నలో కూడా అన్యాయం ఉంటుందమ్మా, గుర్తుపెట్టుకో" అన్నారు. గొడుగును నేలకేసి కొట్టారు. కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి. ఆ తర్వాత మేము అందరినీ అలాగే అడిగాం, చివరి రోజు ఏం జరిగిందని. మిషన్ల మధ్య పిల్లలు, జ్వరమొచ్చిన పిల్ల, పక్కింట్లో వదిలివస్తే విసుక్కున్న పక్కింటావిడ. అన్ని కథలూ తిరిగి తిరిగి ఆ మూసిన గది గుమ్మం దగ్గరికే వచ్చి ఆగాయి.

నేను వాటితో ఒక అధ్యాయం రాశాను. అది ప్రిన్సిపాల్ గదికి చేరేసరికి ట్రస్టు తరఫున ఒకావిడ అక్కడ కూర్చుని ఉన్నారు. మంచి చీర, మెత్తని మాట. "ఎఫర్ట్ చాలా బాగుంది స్వరూపా. కానీ డ్రాపవుట్స్ మన బెనిఫిషియరీలు కాదు కదా. స్టడీ స్కోపులో వాళ్ళు లేరు. ఆ చాప్టర్ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది" అన్నారు. మా ప్రిన్సిపాల్ గారు చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పిడికిళ్ళు బిగుస్తాయి.

"ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళే స్కోపులో లేకపోతే దాన్ని స్టడీ అనరండి" అన్నారు మేడమ్. "మీరు అడగమన్నదే గది అవసరమా అని. అవసరమున్నవాళ్ళు బయట ఉన్నారు. బయటికెళ్ళి అడిగొచ్చాం. అంతకన్నా మేము చేసిన ఘనకార్యం ఏమీ లేదు."

"సత్యవతి గారూ, అది కాదండి," ప్రిన్సిపాల్ నావైపు చూశారు. "ఈ అమ్మాయి డిగ్రీ గురించి కూడా మనం ఆలోచించాలి కదా. సబ్మిషన్ లేటయితే సంవత్సరం పోతుంది. బొల్లారం నుంచి బస్సులో వచ్చి చదువుకుంటున్న పిల్ల. వాళ్ళ నాన్నగారిది సైకిల్ రిపేరు షాపంటండి. మీ పట్టుదలకి ఆ పిల్ల బలైపోవడం న్యాయమేనా?"

జాలి పేరుతో బెదిరించడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.  మేడమ్ నావైపు తిరిగి, "థీసిస్ నీదమ్మా, నాది కాదు. నువ్వు తీసేస్తే నేనేమీ అనుకోను, నిజంగానే అనుకోను. ఏం చేస్తావో నువ్వు చెప్పు" అన్నారు.  మా నాన్న మొహం కళ్ళముందు మెదిలింది. కానీ రేణుక తల పక్కకు తిప్పుకోవడం కూడా మెదిలింది.

"తీయను మేడమ్. ఉంచుత" అన్నాను. 

సంవత్సరం పోలేదు. వైవాకు బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆచార్యుడు తీసెయ్యమన్న ఆ అధ్యాయాన్నే పట్టుకుని మెచ్చుకున్నాడు, ప్రచురించమన్నాడు. ప్రిన్సిపాల్ గారు ఆయన పక్కన నిలబడి ఫోటో దిగారు. నాకు మొదటి తరగతి వచ్చింది. ట్రస్టువాళ్ళు మాత్రం తమకు కావలసిన నివేదికను ఇంకొకరి చేత రాయించుకున్నారు. రాసినవాళ్ళు కేంద్రంలో ఉన్నవాళ్ళనే అడిగారు, టీ బిస్కెట్లు తిన్నారు, గది అవసరం లేదని తేల్చారు. గదికి శాశ్వతంగా తాళం పడింది. ఆ మరుసటి ఏడాది మేడమ్‌ను పిలిచి, మీరు అలిసిపోయారు, లైబ్రరీ చూసుకోండి అన్నారు. పరిశోధనా పద్ధతులు ఎవరో కొత్త లెక్చరరుకు ఇచ్చారు. ఆయన నిర్వచనాలు డిక్టేట్ చేసేవాడు, పిల్లలు హాయిగా నిద్రపోయారు. అలా ఒక్క సబ్జెక్టు తీసేసి ఒక మనిషిని ఇంటికి పంపకుండానే పంపేశారు. రిటైరయ్యేదాకా ఆవిడ పుస్తకాల అలమరల మధ్యే కూర్చున్నారు. దారిన పోయే పిల్లలను పిలిచి ఏం చదువుతున్నావు, ఎవరిని అడుగుతున్నావు అని అడుగుతూనే ఉన్నారు.

కిందటేడు మేడమ్ పోయారు. కళాశాలలో సంతాప సభ పెట్టారు. దండ వేసిన ఫోటో, దీపం, ముందు వరసలో పెద్దలు. నాటి ప్రిన్సిపాల్ ఇప్పుడు రిటైరై సలహామండలిలో ఉన్నారు. ఆయన మైకు పట్టుకుని, సత్యవతి గారు రాజీ ఎరుగని వ్యక్తి అన్నారు. పుస్తకాల మీద ప్రేమతో పాఠాలు కూడా వదులుకుని, లైబ్రరీ కావాలని కోరి తీసుకున్నారు, అదీ ఆవిడ నిరాడంబరత అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. సంతాప సభలో చప్పట్లేమిటో నాకు తెలియదు. నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడ కోరుకోలేదు సార్. మీరు పంపించారు" అన్నాను.

 ఆయన అదే చిరునవ్వుతో, "స్వరూపా, ఇప్పుడా మాటలెందుకమ్మా? ఇది సందర్భం కాదు" అన్నారు.

"ఆవిడ బతికున్నప్పుడు సందర్భం కాదన్నరు. చచ్చిపోయినంక సుత కాదంటే ఇంకెప్పుడు సార్?" నా నోట బొల్లారం మాట వచ్చేసింది. ఎందుకు పంపించారో, ఏ అధ్యాయం గురించో, ఏ గది గురించో అంతా చెప్పాను. ఎవరో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయారు, విడిపించుకున్నాను. చెప్పాల్సింది చెప్పేసే కూర్చున్నాను. తర్వాత టిఫిను దగ్గర కొందరు నన్ను తప్పించుకు తిరిగారు. ఒక కుర్ర లెక్చరరు మాత్రం దగ్గరికొచ్చి, మేడమ్, చివరికి సత్యమే గెలిచింది కదా, మీ థీసిస్ మా లైబ్రరీలో ఉంది, పిల్లలు ఇప్పటికీ చదువుతారు అని ఓదార్చాడు. మంచివాడే. 

ఆ మాటే నేను ఒకసారి మేడమ్‌తోనే అన్నాను. ఆవిడ పోవడానికి కొన్నాళ్ళ ముందు పద్మారావు నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు, మాట బలహీనమైంది, చూపు మాత్రం అలాగే ఉంది. ఏదో ఒకటి చెప్పి ఆవిడను సంతోషపెట్టాలనిపించింది. నేనిప్పుడు సర్వేలకు వెళ్ళే పిల్లలకు శిక్షణ ఇస్తున్నానని, మన అధ్యాయం చూపించే పాఠం మొదలుపెడతానని, ఎంత అడ్డుపడినా ఆఖరికి మనమే గెలిచామని చెప్పాను.

 "ఆ పిల్లల గది తెరిచారేటి?" అన్నారు మేడమ్.

"లేదు మేడమ్."

"అయితే గెలిచామని ఎవరితోనూ అనకు. మనం సరిగ్గా అడిగాం, సరిగ్గా రాశాం. అంతవరకే నిజం. లేనిది కలిపి చెప్పావంటే నీకూ వాళ్ళకీ తేడా ఏటి?"

ఆవిడ నాకిచ్చి వెళ్ళింది అదే. చల్లారని కోపం, దానికి ఓదార్పు కలపకూడదన్న ఆంక్ష. మా ఇంట్లో నా కోపానికి మందులు సూచించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రాణాయామం చెయ్యమంటారు, పోనిద్దూ అంటారు. నేను పోనివ్వను. పోనిస్తే రేణుక మళ్ళీ తానే మానేసిన మనిషి అయిపోతుంది.

కిందటి నెల పని ఉండి, నా దగ్గర శిక్షణ తీసుకుంటున్న అమ్మాయిలను వెంటబెట్టుకుని ఆ కేంద్రానికి వెళ్ళాను. పిల్లల గది తలుపు ఓరగా తీసి ఉంది. అంత పట్టుబట్టి ఖాళీ చేయించిన ఆ గదిలో మిషన్లు కూడా లేవు. ట్రస్టు వార్షికోత్సవాల బ్యానర్లు చుట్టలు చుట్టి గోడకు నిలబెట్టారు. వాటిలో ఒకటి సగం విప్పుకుని ఉంది. దాని మీద ఎవరో ఒక బస్తీ తల్లి, చంకలో బిడ్డను ఎత్తుకుని, మిషన్ పక్కన నిలబడి నవ్వుతోంది. కింద ట్రస్టు సాధించిన విజయం గురించి ఏదో వాక్యం. మా అమ్మాయిలు బాగుంది మేడమ్ ఫోటో అన్నారు. పెన్నులు తీయండి అన్నాను. ఈ ఫోటోలో ఉన్నావిడ ఎవరో, ఎక్కడుంటుందో కనుక్కోండి, ఇప్పుడే వెళ్ళి ఆవిడను అడుగుదాం అన్నాను.